ఎనిమిదో కాలు

“కడిగినవా?” అని అడిగాను.

“కడిగితె నీకు తెలుస్తదా, చెల్లె?” అన్నాడు.

అవే ఆఖరి మాటలు. ట్రంకుపెట్టె భుజానికెత్తుకుని మెట్లు దిగిపోయాడు. నేను వరండా కమ్మీ పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. సాగనంపడానికి కాదు. గల్లీ మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూస్తాడా, చూస్తే ఆ ముఖంలో తప్పు చేసినవాడి గుర్తు ఏమైనా ఉంటుందా అని. చూడలేదు. తప్పు చేసినవాడు వెనక్కి చూడడు. చేయనివాడికి చూడాల్సిన పని లేదు. నాకేమీ తేలలేదు.

మొన్నామధ్య ఆయన ఊరి నుంచి వచ్చిన మేస్త్రీ ఒకడు మా వరస గదుల చాలీ కింద చాయ్ తాగుతూ, ఆయన పోయాడని చెప్పాడు. జ్వరమట. అంతకు మించి ఆ మేస్త్రీ చెప్పలేదు, నేను అడగలేదు. పరాయి మగవాడి చావు గురించి విధవరాలు ఒక ప్రశ్న వేస్తే ముంబయిలో మా కామాటిపుర ఊరుకుంటుంది. రెండోది వేస్తే, మూడోది కామాటిపురే వేస్తుంది.

అందుకే సుజాతను కూర్చోబెట్టి రాయిస్తున్నాను. సుజాత మా అక్క మనుమరాలు, ఇక్కడి తెలుగు బడిలో చదివింది. నేను చెప్పేది తన బడి తెలుగులో పెడుతుంది, పెట్టనీ. ఆయన అన్న మాటలు, నేను అన్న మాటలు మాత్రం అన్నట్టే ఉండాలని ముందే చెప్పాను. ఆయన పేరు రాయించను. చాలీలో పిల్లలు రంగుమామ అనేవారు, అది చాలు.

మిల్లులో రంగ్‌ఖాతా మనిషి. నూలుకూ బట్టకూ రంగు వేసే విభాగం అది. సమ్మె వచ్చి మిల్లు మూతపడ్డాక, ఆయనతో ఒకే ఖోలీ గదిలో ఉన్న తోటివాళ్ళందరూ ఊళ్ళకు వెళ్ళిపోయారు. ఈయన ఒక్కడే ఉండిపోయాడు. ఎందుకున్నాడో ఎవరికీ చెప్పలేదు. పెళ్ళాం లేదు, బిడ్డలు లేరు. తాగడు. ఈ గల్లీల్లో తాగని ఒంటరి మగవాణ్ణి ఎవరు నమ్ముతారు? తాగేవాడైతే ఎక్కడికి పోతున్నాడో, ఎప్పుడొస్తాడో తెలుస్తుంది.

ఖోలీలోనే గిన్నె పొయ్యి మీద పెట్టి, వెలిసిపోయిన చీరలకూ కోట్లకూ రంగు వేసి బతికేవాడు. అందుకని గోళ్ళ నీలం ఎన్నడూ పోలేదు. ఆ నీలం గోళ్ళతోనే పప్పన్నం కలుపుకుని తినేవాడు.

ఆయనకు ఒక పాడు అలవాటు ఉండేది. రంగున్నది ఏది కనబడినా బొటనవేలు నాలుకకు తాకించి దాని మీద రుద్దేవాడు. ఆ వేలు తీసి తన తెల్ల పైజామా అంచుకు తుడిచి చూసుకునేవాడు. ఆ అంచు మీద మా చాలీ అంతా ఉండేది. తలుపుల పచ్చ, రిబ్బన్ల ఎరుపు, గణపతి మండపం కాగితాల గులాబి. అంటితే “కచ్చా” అనేవాడు, నిలవని రంగని. అంటకపోతే ఏమీ అనేవాడు కాదు. అంటకపోయినా నమ్మేవాడు కాదని నాకు తర్వాత తెలిసింది. సబ్బునీళ్ళు ఉన్నాయి, నిమ్మరసం ఉంది, ఎండ ఉంది, ఏదో ఒకటి దాన్ని పట్టిస్తుందని అనుకునేవాడు.

ఒకసారి ఎదురు ఖోలీ నర్సమ్మ పండుగకు చీర బేరమాడుతుంటే మధ్యలోకి వచ్చి కొంగు మీద వేలు పెట్టాడు. “కచ్చా” అన్నాడు. చీరలవాడు మూట కట్టుకుంటూ తిట్టాడు. నర్సమ్మ ఇంకా ఎక్కువ తిట్టింది.

“పండుగపూట నీ నోట్ల మన్నువడ. నీ ఇంట్ల చీర కట్టెటోళ్ళు లేరు, కట్టెటోళ్ళను జూసి ఓర్వవు.”

“కట్టుకో అక్క. మొదటి ఉతుకుకు మీ ఆయన ధోతి గూడ పండుగ చేసుకుంటది.”

ధోతి గులాబి రంగు అయింది. అప్పుడు కూడా నర్సమ్మ ఆయన్నే తిట్టింది. చీర బాగానే ఉండేదట, ఆయన నోటి దిష్టి తగిలి రంగు పోయిందట.

“రంగు ఊకె ఉండదు, చెల్లె,” అనేవాడు నాతో. “దిగన్న దిగుతది, ఎక్కన్న ఎక్కుతది. నిలవడ్డదని చెప్పెటోడు అమ్ముకునెటోడు.”

నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. ఆ పిలుపులు గట్టిగా, నలుగురికీ వినబడేలా పిలుచుకునేవాళ్ళం. చాలీలో ఒంటరి ఆడది ఒంటరి మగవాడితో మాట్లాడాలంటే ముందు ఆ పిలుపు వినబడాలి.

బల్బు వెలుతురులో ఏ రంగూ చూసేవాడు కాదు. “బల్బు కింద రంగు చూసెటోడు, పీర్ల పండుగల పులివేషం చూసి ఉరికెటోడు ఒక్కటే” అనేవాడు. మా అంతస్తు వరండాకు ఉత్తరం కొసన నీళ్ళ మోరీ ఉంది. అక్కడ ఎండ పడదు, దీపం ఉండదు, వెలుతురు మాత్రం ఉంటుంది. ఆ వెలుతురే నిజం చెబుతుందని ఆయన నమ్మకం. ఆడవాళ్ళు బట్టలుతుక్కునే చోట ఒక మగవాడు పొద్దున్నే వచ్చి దారం ముక్కలు పైకెత్తి చూస్తుంటే ఏమనుకుంటారు? అందరూ ఏమనుకున్నారో నేనూ అదే అనుకున్నాను.

ఆయన ఖోలీలో సీసాలున్నాయని ఎవరో చెబితే పోలీసు కూడా వచ్చాడు. నాటుసారా అనుకున్నాడు. ఒక్కొక్క మూతా తీసి వాసన చూశాడు. నిమ్మరసం, సబ్బునీళ్ళు, సిర్కా, ఉప్పునీళ్ళు. మొహం వేలాడేసుకుని మెట్లు దిగాడు. రంగుమామ ఆ రోజంతా నవ్వాడు. సారా లేకపోతే మరి ఈ సీసాలెందుకని మాకు అనుమానం రెట్టింపైంది.

గద్వాల చీర సంగతి చెప్పాలి. అది మా అక్కది, ఇటుకరంగు. మోరీలో మునిసిపాలిటీవాళ్ళు చల్లిన బ్లీచింగ్ పొడి కలిసిన నీళ్ళు చింది, కుచ్చెళ్ళ దగ్గర అరచేయంత తెల్లమచ్చ పడింది. అక్క ఏడుపు. రంగుమామ చీర మడత లోపల నుంచి ఒక పోగు లాగి, ఉత్తరం కొసకు పోయి చూసి, గిన్నెలో ఏవో కలిపాడు. బాగా లేదని పారబోశాడు. మళ్ళీ కలిపాడు. మర్నాడు చీర తెచ్చి నా ముందు పరిచాడు.

“మచ్చ యాడున్నదో చూపియ్యి.”

మచ్చ ఎక్కడ పడిందో నా కళ్ళతో చూసినదాన్ని. చూపించలేకపోయాను. అక్క ఆయనకు దండం పెట్టినంత పని చేసింది. నేను మాత్రం ఆయన చేతుల వైపు చూశాను. ఇంత బాగా కలపగలిగినవాడు దేన్నైనా కలుపుతాడు. పోయినదాన్ని ఉన్నట్టు చూపిస్తాడు. ఆ రోజు నుంచి ఆయన చేతుల్ని నేను ఒక కంట కనిపెడుతూ వచ్చాను.

ఇక ఆ రాయి సంగతి.

మా ఆయన వర్లీ కొండ పక్కన పునాది తవ్వే పనిలో ఉండేవాడు. గట్టి నల్లరాయి పొర దాటాక మెత్తని పలకరాయి తగిలిందట. గడ్డపార మొన ఆనించగానే పుస్తకం తెరిచినట్టు రెండుగా విడింది. ఒక పలక మీద ఎనిమిది కాళ్ళూ చాచుకుని ఒక సాలెపురుగు. రెండో పలక మట్టితో పాటు లారీ ఎక్కి పోయింది. ఈ ఒక్కటీ తువ్వాలలో చుట్టుకుని తెచ్చాడు.

“భూమి కడుపులకెళ్ళి వచ్చింది, ఒక్క కాలు గూడ ఇరగలె. గూట్ల పెట్టు,” అన్నాడు.

తవ్వకంలో ఏదైనా నిండు రూపంతో బయటపడితే మా పాలమూరు కూలి ఆడవాళ్ళు పసుపు కుంకుమ పెట్టకుండా దాటిపోరు. రాయా, పురుగా అని చూడరు. శుక్రవారం పూట పలకకు పసుపు రాసి, కుంకుమ తడిపి వేలితో అద్దాను. కాళ్ళ గాడుల్లోకి, పొట్ట గుంటలోకి దిగింది. పురుగు మొత్తం ఎర్రబడింది.

“దానికి గూడ పెండ్లి జేస్తివి,” అని మా ఆయన నవ్వాడు.

మళ్ళీ శుక్రవారం రాకముందే అదే గుంతలో మన్ను విరిగి ఆయన మీద పడింది. ఆ తర్వాత నా వేలు కుంకుమ భరిణె ముట్టలేదు. నా నుదుటిది తుడిచారు. ఈ రాతి మీదిది తుడవాలని ఎవరికీ తోచలేదు. ముత్తైదువగా నేను పెట్టిన ఆఖరి కుంకుమ ఇంట్లో ఇంకెక్కడా లేదు, దాని మీదే ఉంది.

రంగుమామ ఒకనాడు మా దగ్గర తీసుకున్న డబ్బా తిరిగి ఇవ్వడానికి వచ్చి గూడు చూశాడు. బొటనవేలు నాలుక మీదికి పోయింది. ఆ వేలు రాయిని తాకే లోపల నా గరిటె ఆ వేలును తాకింది.

“గిది నువ్వు పెట్టిందా, దానికే ఉన్నదా?” అన్నాడు వేలు దులుపుకుంటూ.

“నేనే పెట్టిన. ముట్టకు.”

“పైది నీది. కిందిది దానిది. కింద ఏమున్నదో చూడాలె.”

“కింద రాయున్నది.”

“మేము సాలోళ్ళం, చెల్లె. మా కులపెద్ద వచ్చి నీ గూట్ల కూసున్నడు. పలకరియ్యనియ్యవా?”

నవ్వించి పని చేయించుకునే మగవాళ్ళను చాలామందిని చూశాను. నవ్వలేదు.

ఆ తర్వాత ఆయన మా గడప వదల్లేదు. చక్కెర అంటాడు, అగ్గిపెట్టె అంటాడు, కళ్ళు మాత్రం గూటి మీద. నర్సమ్మ ఊరుకుంటుందా?

“పాత రాళ్ళ కోసం ఫారినోళ్ళు తిరుగుతుండ్రంట. ఉత్తగనే వస్తడా? లేకుంటె కన్ను రాయి మీద కాదేమొ.”

నేను రెండూ నమ్మాను.

ఒక ఆదివారం ఎవరో కాలేజీ సారును వెంటబెట్టుకొచ్చాడు. దాదర్ వైపు ఉంటాడట, కోటుకు రంగు వేసినప్పటి పరిచయమట. ఆ సారు చెప్పులు బయట విడిచి, చేతులు వెనక్కి కట్టుకుని, చూడవచ్చా అని నన్నడిగాడు. అడిగినందుకు చూడనిచ్చాను. బిళ్ళలాంటి భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. హిందీ మాట్లాడాడు గానీ సగానికి సగం ఇంగ్లీషు. రంగుమామ నాకు తెలుగులో చెప్పాడు.

“అంతసేపు చెప్పిండు. నువ్వు గింతనే చెప్తివేంది?”

“మిగిలింది నాకు గూడ సమజ్ కాలె.”

అర్థమైనంత వరకు ఇది. ముంబయి కింద ఉన్న నల్లరాయి ఒకప్పుడు నిప్పులా పారిందట. అది పారకముందు అక్కడ మడుగు ఉండేదట. ఆ మడుగు బురదలో పడ్డ పురుగు ఇది, మనిషి పుట్టకముందుది. ఆ పలకల్లో కప్పలు దొరికాయి గానీ సాలెపురుగును ఆయన ఎన్నడూ చూడలేదట. రూపం నిలిచినా రంగు నిలవదట, అన్నిటికన్నా ముందు పోయేది రంగేనట. అట్లాంటి రాళ్ళలో ఎరుపు కనబడితే అది చాలాసార్లు మట్టిలోని ఇనుమేనట. ఒక్క రకం మాత్రం ఎప్పుడో ఒకసారి నిలుస్తుందట. అది వేసిన రంగు కాదు. పురుగు పెంకులో సన్నని పొరలుంటాయి, వాటి మీద వెలుతురు పడి పుట్టే మెరుపు. పొరలు చెదరకపోతే మెరుపు చెదరదు.

“రంగు లేకుండ రంగు ఎట్ల?” అన్నాడు రంగుమామ. మొదటిసారి ఆయన గొంతులో కోపం విన్నాను.

సారు కమ్మీ మీద వాలిన పావురాన్ని చూపించాడు. దాని మెడ మీద పచ్చ, ఊదా ఎవరూ ముంచింది కాదన్నాడు. ఆ ఈకను నూరితే పచ్చ రాదు, ఊదా రాదు, బూడిదే వస్తుందన్నాడు. ఈ పురుగుకు అట్లాంటిది ఉందో లేదో కుంకుమ తీస్తే గానీ చెప్పలేనన్నాడు. నా ముఖం చూసి, తీయమని మాత్రం అడగలేదు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

రంగుమామ సారును నమ్మలేదు. పావురం మెడ ఈకలు రాలినవి ఏరుకొచ్చాడు. సబ్బునీళ్ళలో వేశాడు, సిర్కాలో వేశాడు, సగం కాగితం కప్పి ఎండలో పెట్టాడు. ఒకదాన్ని మరగబెట్టాడు. వారం తిరగకముందే ఒక ఈక పట్టుకుని మా గడప దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. మనిషి భయపడ్డట్టు ఉన్నాడు.

“ఎక్కలె, చెల్లె. దిగలె. తడిపితె మారింది, ఆరితె మళ్ళ వచ్చింది. నా జిందగీ అంత కుండల రంగు ఉడకబెట్టిన. గిట్లాంటిది చూడలె.”

“మంచిగయింది. ఈక చూస్తివి గద.”

“ఇది మొన్నటి పావురాయిది. అది ఎప్పటిదో. అన్నేండ్లు నిలవడ్డదా అని. ఒక్కసారి కడిగితె తెలుస్తది.”

“కడిగితె నాది పోతది, అన్నా.”

ఆయన ఈకను వేళ్ళ మధ్య తిప్పాడు. “ఎప్పుడు పెడితివి?”

“ఆయన ఉన్నప్పుడు.”

ఇంకేమీ అడగలేదు. ఆ తర్వాత రాయి మాట కూడా ఎత్తలేదు. అడిగినన్నాళ్ళు కాదంటే సరిపోయేది. అడగడం మానేసిన మనిషిని ఏమని కాదంటాం? నేను నీళ్ళకు పోతే కూడా తలుపుకు తాళం వేసి పోవడం మొదలుపెట్టాను.

వానలకు ముందు చాలీకి మరమ్మతు వచ్చింది. మా వైపు దూలాలు పుచ్చాయని, కింద కట్టెలు ఊతం పెట్టడానికి ఖోలీలు ఖాళీ చేయమన్నారు. నర్సమ్మ ఇంట్లో పిల్లలు, చుట్టాలు, కాలు పెట్టే చోటు లేదు. ఒక్క మనిషి ఉన్న ఖోలీ రంగుమామది ఒక్కటే. గిన్నెలు, బట్టలు ఇచ్చాను. రాయిని మా ఆయన తువ్వాలలో చుట్టి, నా ముడి వేసి, అది చివర ఇచ్చాను.

“ముడి ఇప్పితె చేతులిరుగుతయ్.”

“ఇరిగినా నష్టం లేదు. మిల్లు తెరిచెటట్టు లేదు,” అన్నాడు.

పని అయ్యాక సామానంతా తెచ్చి ఇచ్చాడు. ముడి నేను వేసినట్టే ఉంది. కానీ సాలోళ్ళ ఇంట్లో పుట్టినవాడు, పోగుల్లో పెరిగినవాడు, ఏ ముడి వేయలేడు? తలుపు మూసి, బల్బు వేసి, విప్పి చూశాను. ఎర్ర సాలెపురుగు, చుట్టూ పసుపు. నాకు తప్పు ఎక్కడా దొరకలేదు. గద్వాల చీరలోనూ దొరకలేదు. ముట్టకపోయినా ఇట్లాగే ఉంటుంది, ముట్టి మళ్ళీ కలిపినా ఇట్లాగే ఉంటుంది. తిరిగి కట్టి గూట్లో పెట్టాను.

మర్నాడు పొద్దున ఆయన ట్రంకుపెట్టెతో బయలుదేరాడు, తమ్ముడు రమ్మన్నాడని. అప్పుడే నేను కడిగినవా అని అడిగాను, ఆయన ఆ మాటన్నాడు.

ఇన్నేళ్ళూ మూట మళ్ళీ విప్పలేదు. విప్పితే అనుమానం తీరదని తెలుసు. గూటికి దండం పెట్టుకునేటప్పుడు మా ఆయనను తలుచుకోబోతే ముందు ఈయన మాట గుర్తొచ్చేది. మొగుణ్ణి తలుచుకునే చోట ఇంకొకడి మాట వినబడటం ఎంత చెడ్డదో ఎవరికి చెప్పుకోను? అందుకు కూడా ఆయనను తిట్టుకున్నాను.

మేస్త్రీ చెప్పిన మర్నాడు పొద్దున, మోరీ దగ్గర ఎవరూ లేనప్పుడు, మూట తీసుకుని వరండా ఉత్తరం కొసకు పోయాను. ఎందుకు పోయానంటే, ఆ రాయిని నేను ఆ వెలుతురులో ఎన్నడూ చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది.

అక్కడ ఎరుపు ఎరుపు కాదు. పాతబడి చింతపండు రంగులోకి దిగింది. ఏడు కాళ్ళలో కుంకుమ ఉంది, పొట్టలో ఉంది. పలక అంచున ఉన్న వెనకకాలు ఒక్కదానికి కుంకుమ లేదు. గాడి అడుగు దాకా శుభ్రంగా ఉంది. బల్బు కింద నల్లగా అంచు నీడలో కలిసిపోయింది గనుక నాకు కనబడలేదు. పలక కొంచెం వంచాను. ఆ కాలు పొడవునా పచ్చ మెరుపు పాకింది. ఇంకొంచెం వంచితే ఊదా. కమ్మీ మీద పావురాలు కూర్చునే ఉన్నాయి, వేరే చెప్పనక్కర లేదు.

నా బొటనవేలు నాలుక మీదికి ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. ఆ కాలు మీద రుద్దాను. వెలిసిన నా చీర చెంగుకు తుడిచి చూశాను. ఏమీ అంటలేదు. కాలు అట్లాగే మెరిసింది.

మిగతా ఏడింటి మీద వేలు పెట్టలేదు. పెడితే నాదైనా పోతుంది, ఆయన కలిపిందైనా పోతుంది.

అప్పటి నుంచి ఇదే ఆలోచిస్తున్నాను. గద్వాల చీరలో అరచేయంత మచ్చను మాయం చేసినవాడు, ఒక కాలు మరచిపోయి వదిలేస్తాడా? వదిలాడంటే నేను చూడాలనే వదిలాడు. జన్మంతా దిగని, ఎక్కని రంగు ఒక్కటైనా ఉందా అని రుద్దుకుంటూ తిరిగాడు, నా గూట్లో దొరికింది. దొరికిందని నాకు చెప్పాలంటే కడిగానని చెప్పాలి. సారుకు చెప్పినా నా చెవిన పడుతుంది. అందుకే నోరు మూసుకుని పెట్టె ఎత్తుకున్నాడు. ఒక్కోసారి ఇట్లా అనిపిస్తుంది.

ఒక్కోసారి ఇంకోలా. ఎనిమిదీ కడిగేసి, ఏడింటికి నా కుంకుమ లాంటిది కలిపి పెట్టి, ఆ ఏడూ నావే అని నేను నమ్మడానికి ఎనిమిదోది వదిలాడేమో. ఆ చేతులకు అది పెద్ద పని కాదు.

ఏది నిజమో ఆయన నోటితో వినే దారి పోయింది. రాయి మళ్ళీ గూట్లోనే ఉంది, ఇప్పుడు తువ్వాల కట్టలేదు. ఎవరైనా అడిగితే ఏడు కాళ్ళు నావి, ఒకటి దానిది అని చెబుతాను. ఏడు నావి అనేటప్పుడు గొంతు కొంచెం తగ్గుతుంది.

సరే సుజాతా, చాలు బిడ్డా. ఇప్పుడు మొదటి నుంచి చదివి వినిపించు. మొదట్లో రాసిన ఆయన ఆఖరి మాట, నువ్వు ఆయన్ని చూడలేదు కాబట్టి, నీ నోట ఎట్లా వస్తుందో వినాలి. ఇక్కడ కాదు, ఇక్కడ పగలు కూడా బల్బు వెలుగుతోంది. కాగితాలు తీసుకుని మోరీ దగ్గరికి నడువు. అక్కడ చదువు.